బాపు ఖోకాలల్ల ఒక్క నల్లది

పొద్దుగాల చింతపండు నానబెట్టి, బాపు రైఫిల్ ఖోకాలు ముంగటేసుకొని కూసున్న. ఖోకాలంటే తూటా కాల్చినంక మిగిలే ఇత్తడి గొట్టాలు. బాపు పోయినంక ఆయన పాత మిలిటరీ రైఫిల్ నా పేరు మీదికొచ్చింది. ఖోకాలల్ల మళ్ల మందు నింపుడు నేర్పుతానన్న రైఫిల్ క్లబ్బు సారు, "ముందుగాల అన్నీ సాఫ్ చేసుకొని రా అమ్మా" అన్నడు. ఎట్ల చెయ్యాల్నో యూట్యూబ్‌ల చూస్తే ఒక్కొక్కడు ఒక్కో తీరు చెప్తుండు. దిమాక్ ఖరాబైంది. గంతల చింతపండు రసంల తడిసిన ఇత్తడి వాసన ముక్కుకు తగిలింది.

మన ఛత్రినాక గల్లీ దోస్తులూ, యాదికుందా? బోనాలకు ముందు వాకిట్ల బిందెలు, దీపం కుందులు కుప్ప పోసి తోమేటోళ్లు. మా ఇంట్ల ఆ కుప్పల బాపు సప్పుడు చెయ్యకుండ ఖోకాలు గూడ కలిపెటోడు.

"దేవుని సామాన్ల ఇదేందయ్యా!" అని అమ్మ మస్తు లొల్లి చేసేది. అయినా అన్నీ తళతళ మెరిసేటట్టు తోమేది. ఒక్క నల్లబడ్డ ఖోకాను మాత్రం బాపు ఎవ్వర్నీ ముట్టనియ్యకపోయేటోడు. ఎందుకో నాకు ఎన్నడు సమజ్ కాలే.

ఇయ్యాల గా నల్లదాన్ని పట్టుకొని అమ్మను అడిగిన. "అమ్మా, దీన్ని తోమాల్నా, వద్దా?"

అమ్మ సిగ్గుపడ్డది. "పెండ్లైన కొత్తల మీ బాపు నన్ను క్లబ్బుకు తోల్కపోయిండు. గీ ఖోకాల ఉన్న తూటా నేనే కాల్చిన."

"ఏడ తాకింది మరి?"

"ఏమో బిడ్డా, కండ్లు మూసుకున్న. నట్టనడుమ తాకిందని మీ బాపే చెప్పిండు."

నిశానా, గురి ముచ్చట్ల బాపు అబద్ధం చెప్పంగ నేను ఎన్నడు ఇనలే.