మేకలు మేసిన చిగురు

మొన్న గజ్వేల్ నుంచి వస్తుంటే గొర్ల మంద అడ్డం వచ్చి బస్సు ఆగింది. పెంటికల ఘాటు, తడి ఉన్ని వాసన కిటికీలోంచి కొట్టగానే అందరూ ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం హాయిగా పీల్చుకున్నాను. మా అత్త రాజవ్వ వచ్చి పక్కన కూర్చున్నట్టనిపించింది.

ఎనభైలలో నేను కొండపాకకు కోడలిగా వచ్చేసరికి మా ద్రాక్షతోట పెత్తనమంతా ఆమెదే. మందు బస్తాలను తోట గట్టు కూడా ఎక్కనిచ్చేది కాదు. కొమ్మలు కత్తిరించాక, చిగురు రాకముందు, గొల్లవారిని పిలిచి పందిళ్ల కింద రాత్రుళ్లు గొర్లను పడుకోబెట్టించేది. ఆ పెంటే తోటకు తిండి. ఆమె పెద్దకొడుకు, మా బావకు మాత్రం అదంతా చాదస్తం. "ఈ ఒక్క పంట చూస్త. గిట్టకపోతె తోట పీకి పత్తి పెడ్త," అని తేల్చేశాడు. ఆ తోటంటే అత్తకు ప్రాణం.

సరిగ్గా ఆ ఏడే మందను ఆలస్యంగా పిలిచింది. "చిగుర్లు వచ్చినయి కదత్తా," అని నేను నసిగాను. "గొర్రె తలెత్తి మేస్తదా బిడ్డా? నిన్నగాక మొన్న వచ్చినవు, నాకు జెప్తున్నవా?" అని కొట్టిపారేసింది. నిజమే, గొర్రె తలెత్తదు. కానీ మందలో మేకలు కూడా ఉన్నాయి. తెల్లారి చూస్తే, అవి వెనక కాళ్ల మీద నిలబడి, కుంగిన పందిరి మీది చిగురునంతా ఊడ్చేశాయి.

బావ మండిపడుతూ వచ్చాడు. "ఎవ్వలు తోలిపిచ్చిన్రు మందను?"

నేను అత్త వెనక్కి జరిగాను. పాలు విరిగినా కోడలినే అనే రోజులవి. అత్త కొంగు బిగించి ముందుకొచ్చింది. "నేనే. పిల్ల వద్దనే అన్నది, నేనే ఇనలే. తప్పు నాదే పెద్దోడా."

పెద్దవాళ్లు అంత సూటిగా తప్పు ఒప్పుకోవడం నేను పుట్టింట్లో ఎన్నడూ చూడలేదు. ఆమె మీద నాకు ప్రేమ పుట్టింది ఆ క్షణంలోనే.

ఆ తర్వాత ఆమెకు అన్నం సయించలేదు. పొద్దున లేస్తే తీగలు తడమడమే పని. ఒకరోజు "బిడ్డా, ఉరికి రా!" అని కేకేసింది. పాత కణుపుల పక్కన పచ్చటి మొనలు. ఒకటి కాదు, పందిరి పొడుగునా. ఏడుస్తూనే నవ్వింది. "మేక తిన్నది చిగురునే, తీగను కాదు."

గుత్తులు తక్కువ వచ్చాయి, పండూ చిన్నదే. సిద్దిపేట పండ్ల దుకాణాలవాళ్లు పెదవి విరిచారు. చివరికి హైదరాబాదు నుంచి వైన్ తయారుచేసేవాళ్ల మనిషి వచ్చి ఒక పండు నోట్లో వేసుకున్నాడు. "మందులు కొట్టలేదు కదా? పండు చిన్నదైతే ఏం, మేం పిండేదే. అన్నీ మాకే ఇవ్వండి. వచ్చే ఏడు కూడా."

"ద్రాక్షతోని కల్లా?" అత్త ముక్కున వేలేసుకుంది. "తాటిచెట్లకేం రోగమచ్చింది?"

బావ కూడా పకపకా నవ్వాడు. పత్తి మాట మళ్లీ ఎత్తలేదు. ఆ పూట అత్త కడుపునిండా తినడం చూసి నాకూ ఆకలి తెలిసింది.

ఇప్పుడు నేనూ అత్తనే. పోయిన వారం పొయ్యి మీద పప్పు పెట్టి మరిచిపోయాను. ఇల్లంతా మాడు వాసన. "ఎవరు మాడగొట్టిన్రు?" అని మా అబ్బాయి అరిచాడు. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న కోడలి చేతులు టక్కున ఆగిపోయాయి.

"నేనేరా," అన్నాను.

గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది.