వదిన కుడిచెయ్యి

మొన్న మోకాలి నొప్పి చూపించుకోవడానికి పేట్ బషీరాబాద్‌లో ఒక ఆసుపత్రికి వెళ్లినప్పుడు, ఎదురు బెంచీ మీద ఒకతను కుడిచెయ్యిని పొత్తికడుపుకు చేర్చి కట్టు కట్టించుకుని, ఎడమచేత్తో తడబడుతూ టీ తాగుతుంటే నేను చూపు తిప్పుకోలేకపోయాను. ఆ కట్టు కింద ఏముంటుందో నాకు తెలుసు. మా వదిన చెయ్యి కూడా కొన్ని వారాలపాటు అలాగే ఆమె కడుపు చర్మానికి కుట్టి ఉండింది.

మా ఈడువాళ్లకు మేడ్చల్ బస్టాండు దగ్గరి చెరుకురసం బళ్లు జ్ఞాపకం ఉండే ఉంటాయి. చక్రానికి కట్టిన గజ్జెల మోత వినబడితే చాలు, ఎండాకాలం వచ్చిందనుకునేవాళ్లం. అలాంటి బండి మా అన్నకు ఒకటుండేది. గౌడవెల్లి నుంచి పొద్దున్నే ముగ్గురం బయలుదేరేవాళ్లం. అన్న చెరుకుగడలకు వెళితే వదిన మిషన్ దగ్గర నిలబడేది, నేను గ్లాసులు కడిగేదాన్ని. వదిన గలగలా నవ్వే మనిషి. ఆమెతో రెండు మాటలు మాట్లాడిపోవడానికే ఆగేవాళ్లు కూడా ఉండేవారు.

చేత్తో తిప్పే చక్రం తీసేసి మోటారు పెట్టించిన ఏడాదే అది జరిగింది. అప్పటికి వదినకు చంటి కూతురు, ఇంటి దగ్గర మా అమ్మ చూసుకునేది. పిప్పిని మడిచి రెండోసారి లోపలికి తోస్తుండగా గాజులు చిక్కుకుని, రోలర్ల మధ్యకు చెయ్యి వెళ్లిపోయింది. పక్కన పండ్లు అమ్మే చాచా “బెల్టు గుంజు! జల్దీ బెల్టు గుంజు!” అని అరుస్తూ తానే ఉరికివచ్చి మోటారు బెల్టు లాగేశాడు. తన తువ్వాలులో ఆ చేతిని చుట్టి, ఆటో ఆపి మమ్మల్ని ఎక్కించాడు.

నగరంలోని పెద్దాసుపత్రిలో డాక్టరు, కబురందుకుని వచ్చిన మా అన్నను పక్కకు పిలిచి, చర్మమంతా ఒలిచినట్టు పోయిందని, రెండు వేళ్లు దక్కవని, మిగిలిన చెయ్యి నిలవాలంటే కొత్త చర్మం పట్టేదాకా కడుపు చర్మానికి కుట్టి ఉంచడమే దారి అని చెప్పాడు. ఆ వారాలన్నీ వదినకు నేనే తల దువ్వి, అన్నం కలిపి పెట్టాను. పక్కకు ఒత్తిగిలడానికి కూడా లేకుండా పడుకుని, పూటపూటకూ “మళ్ల మునుపటి లెక్క అయితది గద పిల్లా?” అని అడిగేది. “అయితది వదినె” అనేదాన్ని. నిజంగానే అవుతుందనుకున్నాను.

చివరికి చేతిని కడుపు నుంచి వేరు చేసి, చెయ్యి నిలిచిందమ్మా అని డాక్టరు సంతోషంగా చెప్పాడు. ఆయన తప్పేమీ లేదు, తీసేయవలసిన చేతిని నిలబెట్టాడు. కానీ కట్టు విప్పితే ఉబ్బిన మెత్తటి ముద్దలా ఉంది. వదిన చాలాసేపు చూసి, “గిది నా చెయ్యి లెక్క లేదు పిల్లా” అంది.

చేతికి కసరత్తులు చేయించడానికి ఆసుపత్రికి బస్సుల్లో చాలాకాలం తిప్పాం. మిగిలిన వేళ్లు కాస్త వంగాయి గానీ స్పర్శ రాలేదు. ఒకనాడు రొట్టెల పెనానికి ఆ చెయ్యి ఆనుకుని ఉంటే, కాలిన వాసన వచ్చేదాకా ఆమెకు తెలియలేదు. అప్పటికి నడక నేర్చిన కూతురు ఆ చెయ్యి తగిలితే ఏడ్చేది. వదిన దాన్ని కొంగు కింద దాచుకుని, ఎడమచేత్తోనే బిడ్డకు నీళ్లు పోసేది. అన్న ఆ మిషన్‌ను పాతసామానుకు వేసేసి, గుండ్లపోచంపల్లి గోదాముల్లో కావలి పనికి కుదిరాడు. మా ఇంట్లో నవ్వు తగ్గిపోయింది.

నిరుడు వదినకు జబ్బు చేసి, ఇక లాభం లేదని ఇంటికి పంపేశారు. కూతురు అత్తవారింటి నుంచి పరుగున వచ్చి, మంచం పక్కన కూర్చుని ఆ కుడిచేతినే రెండు చేతులతో పట్టుకుంది. తల్లికి వినబడకుండా మంచం పట్టెకు ముఖం ఆనించి ఏడ్చింది. వదిన కళ్లు తెరవకుండానే, “బిడ్డ ఇంక రాలేదా?” అని అడిగింది.

“వచ్చింది వదినె, నీ చెయ్యి పట్టుకునే ఉంది” అన్నాను. విన్నదో లేదో తెలియదు. మళ్లీ మాట్లాడలేదు.

ఇప్పుడు పెద్ద భూతద్దాల కింద వెంట్రుకంత నరాలను కూడా కలుపుతున్నారట, కొందరికి స్పర్శ కూడా తిరిగి వస్తుందట. వస్తే మంచిదే. మా రోజుల్లో చెయ్యి నిలిస్తే చాలనుకున్నాం. ఆ చేతిని పట్టుకున్నది కన్నబిడ్డేనని తెలియకుండా ఒక తల్లి వెళ్లిపోవలసి వస్తుందని అప్పుడు మాకెవరికీ తోచలేదు.