తిమింగిలం దిగే లోతు

డెంకణికోట దాటినాక, అడవి అంచున మా చిన్నాయనకు రెండెకరాల టమోటా తోట ఉంది. పోయిన ఎండాకాలం, సరిగ్గా కాయ పట్టే వేళకు బోరు నీళ్లు మాని గాలి కక్కింది. మేస్త్రీ వచ్చి మోటారు బయటికి లాగించి, "ఎండిపోయిందప్పా, దీన్ని మరిచిపో" అని తీర్పు చెప్పి, మనుషులతో టీకి కూర్చున్నాడు. ఇంకో రెండు రోజుల్లో తడి అందకపోతే తోటను మేకలకు వదలాల్సిందే.

చిన్నాయన చెట్లకేసి చూడలేక నా పక్కకొచ్చి కూర్చున్నాడు. ఓదార్చడం నాకు చేతకాదు. హోసూరు నుంచి నేను మోసుకొచ్చినవి రెండే: మూడు ఊళ్లకు సరిపోయే పొట్ట, జేబులో ఫోను. పొట్టతో అప్పటికి పని లేదు గనక ఫోను తీసి, ముందురోజు నేను నోరు తెరుచుకుని చూసిన తిమింగిలం వీడియో పెట్టినాను.

"ఇది తిండికి యాడికి పోతుందో తెలుసా చిన్నాయనా? మన బోరు వెయ్యడుగులు కదా. అట్లాంటివి మూడు, ఒకదాని కింద ఒకటి పెట్టు. ఆడికి."

"ఆడ ఎవురు వడ్డిస్తారప్పా దానికి?"

"ఎవరూ లేరు. కటిక చీకటి. సూర్యుడికే ఆ దారి తెలీదు. ఊపిరి బిగబట్టి, తోక పైకెత్తి, నిలువునా దిగిపోతుంది. ఒక్కోసారి గంటసేపు మళ్లీ ఊపిరి తియ్యదు."

సోఫా నుంచి వంటింటికి పోయేలోపల రెండుసార్లు ఆగి రొప్పే మనిషిని నేను. ఆ మాట చెప్పలేదు. చూస్తేనే తెలుస్తుంది.

"చీకట్లో తిండి ఎట్లా కనబడుతుంది?"

"కనబడదు. టక్, టక్ అని శబ్దం వదిలి, దేనికి తగిలి వెనక్కొస్తుందో వింటుంది. ఆడ స్క్విడ్డులని ఉంటాయి, ఎముకల్లేనివి, బారెడు చేతులవి. దగ్గరయ్యేకొద్దీ ఆ టక్‌టక్‌లు కుట్టుమిషను మాదిరి జోరందుకుంటాయి. ఆ పైన ఒకటే గుటక."

తెరమీద తోక నీళ్లలోకి పోయింది. అంతలో సిగ్నలూ పోయింది. తెరమీద గిరగిరా తిరిగే సున్నానే చిన్నాయన చాలాసేపు చూసినాడు.

"అంటే రాయి వేస్తుంది" అన్నాడు.

మా పక్క పెద్దవాళ్లు మోటారు తీసేసిన బోరులోకి గులకరాయి వదిలి, చెవి పెట్టి వింటారు. బండకు తగిలితే ఒక చప్పుడు, బురదకు ఒకటి, నీళ్లకు ఒకటి. మేస్త్రీలకిప్పుడు అంత ఓపిక లేదు. చిన్నాయన లేచిపోయి బోరు నోటికి దిగేసిన ఇనప కేసింగు పైపు పక్కన మోకాళ్లమీద కూర్చున్నాడు.

"ఎవురూ ఊపిరి తియ్యద్దండప్పా."

రాయి వదిలినాడు. నేను మనసులో లెక్కపెడతా ఐదు దాకా ఓర్చుకున్నాను. ఆరోదానికి నా ముక్కులోంచి వెలువడిన గాలికి కంచెమీది కాకులు కర్ణాటక దాకా ఎగిరిపోయినాయి.

"అప్పుడే పైకొచ్చేసినావా నాయనా" అన్నాడు చిన్నాయన, తల తిప్పకుండానే.

రెండో రాయికి ముక్కూ నోరూ రెండు చేతులా మూసుకున్నాను. టీ గ్లాసులు గాల్లోనే ఆగినాయి. చిన్నాయన కళ్లు మూసుకుని, చెంప ఇనుముకు ఆనించినాడు. ఆ మనిషి ఈడ లేడు. ఏ వెలుగూ పోని చోటికి, తన చెవి ఒక్కటే తోడుగా దిగిపోయినాడు. సముద్రం కళ్లతో చూడనివాణ్ని, ఆ పూట దాని అడుగు చూసినాను.

"ఉంది. మోటారు ఉండిన చోటికి దిగువన. పది పైపులు ఎక్కువ దించు."

"నాకేం వినబడలేదే" అన్నాడు మేస్త్రీ.

"నీకు ఆకలి లేదు కదప్పా."

గొణుక్కుంటూనే దించినాడు. పొద్దు వాలేలోపల స్విచ్చి వేసినారు. ముందు గాలి, తర్వాత ఎర్రటి బురద, ఆ తర్వాత తేట నీళ్లు. నా లెక్కలో ధార తొడంత లావు. చిన్నాయన లెక్కలో బొటనవేలంత. తోటకు అది చాలు. పార భుజాన వేసుకుని కాలవ నీళ్లు చెట్లకు మళ్లేట్టు మొదటి మడవ తిప్పి, ఆయన నా దగ్గరికొచ్చినాడు.

"ఆ ఫోను తీయప్పా. అది పైకొచ్చిందో లేదో చూద్దాం."