స్తంభాలు లేని గుడి

మా ఊరు కొల్లేటి ఒడ్డున ఉంది. ఊళ్ళో రైతులు కథోలికులే, ఊరి బయట పేటలో మేమూ కథోలికులమే. జపమాలలో పూసలు వాళ్ళకెన్నో మాకూ అన్నే. శుక్రవారం మాంసం వాళ్ళూ ముట్టరు, మేమూ ముట్టం. పాత తాటాకు గుడిలో మాత్రం నడుమ ఒక కొబ్బరితాడు ఉండేది. కప్పును మోసే మూడు నిట్రాట స్తంభాలకు చుట్టి, గుమ్మం నుంచి పీఠం ముందు దాకా నడుమెత్తున కట్టేవారు. తాడుకు కుడివైపు ఊరివాళ్ళు, ఎడమవైపు పేటవాళ్ళం. కుడివైపు వాళ్ళంతా సత్ప్రసాదం తీసుకుని తిరిగివచ్చాక మా వరస. మా అమ్మ ఎప్పుడూ చివర్లో ఉండేది.

ఒక గాలివానకు ఆ గుడి కూలింది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఏలూరులో మిషను వారి పనిబడిలో మూడు విషయాలు నేర్చుకుని వచ్చాను: డ్రాయింగు, వడ్రంగం, ఆయిలింజను. అదే బడిలో డ్రాయింగు మాస్టరు పని ఖాళీ అయింది. దానికి మా విచారణ గురువు ఫాదరుగారు రాసిచ్చే సిఫారసు ఉత్తరం ఒక్కటే కావాలి. ఈలోగా కొత్త గుడికి ప్లాను గీసి, కొయ్యపని దగ్గరుండి చేయించమని ఆయనే నాకు అప్పగించారు.

ప్లాను పూర్తిచేసి గుడి స్థలం ఇచ్చిన మోతుబరి ఇంటికి పట్టుకెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. నేను వరసగా చదివాను. గుమ్మాలు రెండు, కిటికీలు ఆరు, గోడ నుంచి గోడకు ఇరవై అడుగులు, కప్పుకు ట్రస్సులు అయిదు, పైన పెంకులు.

"తాడేదిరా?"

"లేదండి."

"అదీ నిజమే, తాడు మోటుగా ఉంటుంది. మద్దికొయ్యతో నడుమ అడ్డంగా కమ్మీ పెట్టించు. నున్నగా ఉండాలి."

"కమ్మీ కూడా లేదండి."

"మరిచిపోయావా?"

"లేదండి. గుర్తుండే మానేశాను."

అరుగు మీద ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. "ఏలూరు వెళ్ళి కొలబద్ద పట్టుకోవడం నేర్చుకుని మన నెత్తి కొలుస్తున్నాడయ్యా!" అన్నారొకరు. మోతుబరి మాత్రం నవ్వలేదు.

"స్థలం నాదిరా అబ్బాయ్."

"దేవుడికిచ్చానని ఫాదరుగారితో చెప్పారు కదండీ."

ఆ సాయంత్రమే ఆయన ఫాదరుగారిని కలిశారు. మర్నాడు ఫాదరుగారు నన్ను పిలిచి మెల్లగా చెప్పారు. "కమ్మీ ఒక్కటి వేసెయ్యి బాబూ. మంచికాలం వస్తే తీసేద్దాం. వేసిన రోజే నీ ఉత్తరం రాసిస్తాను. లేకపోతే రాయనని ఆయనకు మాటిచ్చాను."

"ఒకసారి బిగించిన కమ్మీని చెదపురుగు తప్ప ఇంకెవరూ తీయరండి" అన్నాను.

ఇంటికొచ్చి చెబితే అమ్మ చేతిలో చేట కింద పడేసింది. "నీకేం పోయేకాలంరా! అటు కూర్చుంటే ఒక దేవుడు, ఇటు కూర్చుంటే ఒక దేవుడు కనిపిస్తాడా? నీకు కుర్చీలో కూర్చునే ఉద్యోగం వస్తుందంటే నేను తాడవతలేం ఖర్మ, వాకిట్లో కూర్చుంటాను."

"నువ్వు కూర్చుంటావని తెలిసే వాళ్ళు కట్టారమ్మా."

అమ్మ చేట తీసుకుని దొడ్లోకి వెళ్ళిపోయింది.

ఏలూరులో నాతో చదివిన ప్రొటెస్టెంటు కుర్రాళ్ళు ఇంకో సలహా ఇచ్చారు. "అంత అవమానం పడుతూ ఆ గుడిలో ఎందుకు? మా మిషనుకు వచ్చెయ్యి." నేనెందుకు పోవాలి? నాకు జ్ఞానస్నానం ఇచ్చిన రోజున తాడుకు ఇవతలి నీళ్ళు, అవతలి నీళ్ళు అని రెండు చెంబులు తేలేదు. ఇంజను తిప్పే ముందు సిలువ గుర్తు వేసుకుంటాను, ఆ తర్వాత ఆయిలు చూస్తాను. ఈ రెండింటిలో ఏదీ ఇంతవరకు మానలేదు. మధ్యాహ్నం గంట కొడితే చేతిలో ఉన్న రెంచి కింద పెట్టి త్రికాల జపం చెబుతాను. నా గుడిలో నుంచి నేను లేచిపోవాలంటే ముందు అది నాది కాదని ఎవరైనా రుజువు చెయ్యాలి.

కమ్మీ నేను చెయ్యనని తేలాక మోతుబరి "పోనీరా, తాడు కొనలేనా!" అని ఊరుకున్నారు. కామవరపుకోట వైపు నుంచి కొయ్య ఏలూరు దాకా బండ్ల మీద, అక్కణ్ణించి పడవలో వచ్చింది. ట్రస్సులు, అంటే కప్పును మోసే ముక్కోణపు కొయ్య చట్రాలు, గోడ మీద నుంచి గోడ మీదకు ఎక్కాయి. నడుమ ఒక్క స్తంభం కూడా లేదు. ఆ సంగతి నేను దాచలేదు. ప్లానులో ఉంది, ఫాదరుగారికి నోటితోనూ చెప్పాను. మోతుబరి స్వయంగా లోపల నిలబడి, "ఎంత విశాలంగా ఉందిరా!" అని మెచ్చుకున్నారు కూడా.

మొదటి పూజ రోజు ఉదయం ఆయన కొడుకులిద్దరూ కొత్త తాడు తెచ్చారు. తాడు విప్పి పట్టుకుని నిలబడ్డారు. కట్టడానికి ఏమీ లేదు. పెద్దకొడుకు పీఠం వైపు నడిచాడు.

"పీఠానికి తాడు కట్టనివ్వను" అన్నారు ఫాదరుగారు.

మోతుబరి తలెత్తి కప్పు చూశారు, తర్వాత నన్ను చూశారు. నేనూ ఆయన్నే చూశాను. చివరికి ఆయన చేత్తో సైగ చేశారు. పెద్దకొడుకు ముందు కొస, చిన్నకొడుకు గుమ్మం దగ్గర కొస పట్టుకున్నారు. పూజ మొదలైంది. అందరూ మోకరిస్తే వాళ్ళూ తాడుతోనే మోకరించారు. సిలువ గుర్తుకు తాడు ఎడమచేతికి మార్చుకున్నారు. పేట పిల్లలు కిసుక్కుమంటే అమ్మలు గిల్లారు.

సత్ప్రసాదం గంట మోగింది. దానికోసం అర్ధరాత్రి నుంచి అందరూ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చినవాళ్ళమే. చిన్నకొడుకు తాడు కింద పెట్టేసి లేచాడు.

"ఒరే, పట్టుకో!"

"నిన్న ఫాదరుగారి దగ్గర పాపసంకీర్తనం చేసుకున్నాను నాన్నా. సత్ప్రసాదం మానుకోను."

పెద్దవాడూ తండ్రి వైపు చూశాడు. ఆయన వచ్చి కొస తన చేతిలోకి తీసుకుని కొడుకును పంపారు. ఊరివాళ్ళు వెళ్ళివచ్చారు. మేమూ వెళ్ళివచ్చాం. ఫాదరుగారు పాత్రతో ఆయన వైపు తిరిగి కాసేపు ఆగారు. ఆయన కదల్లేదు. అవతలి కొస ఎవరూ పట్టుకోని తాడు నేల మీద పడి ఉంటే, ఇవతలి కొస గుప్పిట్లో బిగించుకుని, సత్ప్రసాదం లేకుండా నిలబడిపోయారు. నాకు జాలి వెయ్యలేదు. వేసిందని రాస్తే అబద్ధం అవుతుంది.

పూజ అయ్యాక ఫాదరుగారు, "ఉత్తరం రాయలేను బాబూ. మాటిచ్చేశాను" అన్నారు.

"రాయకండి" అన్నాను.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో ఆయిలింజను చూస్తున్నాను. డ్రాయింగు బల్ల లేదు. గోళ్ళలో నలుపు పోదు.

గుడిలో ఆ మొదటి పూజ తర్వాతి పూజకు తాడు రాలేదు. పట్టుకునేవాళ్ళు దొరకలేదట. అయినా జనం అలవాటు చొప్పున ఎటువాళ్ళు అటే కూర్చున్నారు. మా అమ్మ గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి, కుడివైపు కిటికీ పక్కకు నడిచి, మోతుబరి భార్య పక్కన చాప మీద కూర్చుంది.

"ఇది మా వైపు కదమ్మా" అందావిడ.

అమ్మ ఆమెకేసి మర్యాదగానే తిరిగింది. "ఏ వైపండీ? ఎక్కడిదాకానో కాస్త చూపించండి."

ఆవిడ నున్నటి సున్నపు నేలను ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చూసింది. తర్వాత చీరకుచ్చెళ్ళు దగ్గరకు లాక్కుని, కొంచెం జరిగింది.