గోడ అవతలికి వినిపించిన పాట

అడిలైడ్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో పాతవాళ్లకి నేను సాక్ష్యం చెప్పిన కుర్రాడిగానే గుర్తు. ఎడారి ఊళ్లో ఒక దురాత్మ గోడ తడితే, ప్రార్థన చేసి దాన్ని వెళ్లగొట్టానని చెప్పాను. ఆ సాక్ష్యం ఇప్పటికీ యూత్ మీటింగుల్లో చెప్పుకుంటున్నారని ఈమధ్య తెలిసింది. అది అలా జరగలేదు.

అప్పుడు నేను అడిలైడ్ శివార్లలోని మాసన్ లేక్స్‌లో చదువుతున్నాను. వేసవి సెలవుల్లో పని కోసం ఉత్తరాన రంగురాళ్ల గనులున్న ఊరికి వెళ్లాను. మా సంఘంలోని ఒక ఆంటీ అక్కడి ఆసుపత్రిలో నర్సు. వాళ్లింట్లోనే బస. ఎండకి తట్టుకోలేక ఆ ఊళ్లో చాలామంది గుట్టల్ని తొలిచి లోపల ఇళ్లు చేసుకున్నారు. ముందు గదికే కిటికీ. నా గది బాగా లోపలికి ఉండేది. లైటు ఆర్పితే మిట్టమధ్యాహ్నం కూడా నా చెయ్యి నాకు కనిపించేది కాదు. కాసేపు కదలకుండా పడుకుంటే నా చెవుల్లో నెత్తురు పారే చప్పుడు వినిపించేది.

మొదటిరోజే ఆంటీ నా మంచం పక్క గోడ చూపించారు.

“దీనవతల ఇంకో ఇల్లు నాన్నా. ఓల్డ్ మ్యాన్, ఒక్కడే ఉంటాడు. రూమ్ పెద్దది చేస్తానని తవ్వుకుంటూ తవ్వుకుంటూ మన దాకా వచ్చేశాడు. ఇంకొంచెం తవ్వుంటే నా పక్కలో తేలేవాడు, మీ అంకుల్ నాకు డైవోర్స్ ఇచ్చేసేవారు.”

అంటే గోడ అవతల మనిషి ఉన్నాడని నాకు తెలుసు. సాక్ష్యంలో ఆ మాట చెప్పలేదు.

ఒకరోజు అంకుల్ ఊళ్లో లేనప్పుడు, ఆంటీ డ్యూటీకి వెళ్లాక, నేను మోటెల్లో గదులు శుభ్రం చేసి వచ్చి పడుకున్నాను. గోడ మీద తట్టినట్టు వినిపించింది. ఆగి, మళ్లీ. తర్వాత గోళ్లతో గీకిన చప్పుడు. పైనుంచి ఎర్రమట్టి పొడి నా మెడ మీద రాలింది.

ముసలాయనేమో అని ఆ క్షణమే అనిపించింది. కానీ వెళ్లి చూడాలంటే గుట్ట చుట్టూ తిరిగి, తెలియని మనిషి చీకటింట్లోకి దిగాలి. ఆ గీకుడు విన్నాక వెళ్లబుద్ధి కాలేదు. దురాత్మ అనుకుంటే వెళ్లనక్కర్లేదు. మంచం మీదే మోకరించి ప్రార్థన చేశాను. సండేస్కూల్ పాట ఒకటి గొంతెత్తి పాడాను. రెండో చరణం దగ్గర తట్టడం ఆగిపోయింది. నేను మాత్రం ఆపలేదు.

మర్నాడు నీళ్లు పోయడానికొచ్చిన ట్యాంకర్ డ్రైవర్ ముసలాయన్ని ఆయనింట్లో చూశాడు. తుంటి విరిగి, మా గోడ వారగా పడి ఉన్నాడు. విమానంలో అడిలైడ్‌కి తీసుకెళ్లారు.

“నిన్న నీకేమైనా వినిపించిందా?” అని ఆంటీ అడిగారు.

“లేదాంటీ.”

సెలవులయ్యాక ఆంటీ అడిలైడ్ వచ్చినప్పుడు ఇద్దరం ఆయన్ని చూడ్డానికి వెళ్లాం. వృద్ధాశ్రమంలో చేర్చారు. ఇక తన ఇంటికి వెళ్లడం కుదరదని చెప్పేశారట.

“తట్టాను. అవతల ఎవరో పాడారు,” అన్నాడు తన ఇంగ్లీషులో. “సరే, పైకి చేరిపోయాను అనుకున్నా. ఇంక తట్టడం దేనికని ఆపేశా.”

ఆ పాటని మెల్లగా కూనిరాగం తీశాడు. ఒక్క మలుపూ తప్పలేదు.

ఆంటీ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. “ఇది మన పాటే కదయ్యా! ఏంజెల్స్ తెలుగులో పాడారా ఏంటి?”

ఆ ఆదివారం సంఘంలో ఆమె లేచి ఈ సంగతి చెప్పారు. నన్నెవరూ అనుమానించక ముందే నేనూ లేచి నా సాక్ష్యం చెప్పాను. రోజు మార్చాను, గోడ మార్చాను, పాట ఊసెత్తలేదు.

మరుసటి చలికాలం ఆయన వృద్ధాశ్రమంలో మళ్లీ పడ్డాడు. పిలిచే బెల్ చేతికి అందేంత దూరంలోనే ఉందట. నొక్కలేదు. గోడకి చెవి ఆనించి, అలాగే చనిపోయి ఉన్నాడు.

“ఫేస్‌లో ఎంతో పీస్ ఉందట, ఏదో వింటున్నట్టు,” అని ఆంటీ ఫోన్‌లో చెప్పారు.

గతవారం ఆమెకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.

“ఎంతసేపు పాడావ్?” అన్నారు అంతా విన్నాక.

“మీరు డ్యూటీ నుంచి వచ్చిన తలుపు చప్పుడు వినిపించేదాకా ఆంటీ.”