ఒక్క ఆదివారంలో అరవై మూడు జవాబులు

ఒక చర్చి నూరేళ్ల పండుగకు పాటలే లేకుండా చేయబోయిన ఘనుణ్ణి నేను. అందుకు గొడ్డలి పట్టలేదు, అగ్గి పెట్టలేదు. ఎర్రగుంట్లలో కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ రెండు ముక్కలు టైపు చేశాను, అంతే. ఎలా జరిగిందో చెబుతాను, మీరు నవ్వుకోండి. అప్పట్లో నాకు మాత్రం నవ్వు రాలేదు.

అవి రెండు వేల ఆరు నాటి రోజులు. నా పేరు మద్దిలేటి. డిగ్రీ అయ్యాక రైల్వే గేటు పక్కన ఒక ఇంటర్నెట్ సెంటర్ చూసుకునేవాణ్ణి. ఊరి ఫ్యాక్టరీల నుంచి వచ్చి కీబోర్డుల మీద పడే సిమెంటు దుమ్మును రోజుకు రెండుసార్లు తుడవడమే నా అసలు ఉద్యోగం. తుడవగా మిగిలిన సమయమంతా ఇంటర్నెట్లో తెలుగువాళ్ల సహాయ వేదిక ఒకదానిలో గడిపేవాణ్ణి. కంప్యూటర్ మొరాయించినవాళ్లు అక్కడ ప్రశ్న పెడతారు, తెలిసినవాళ్లు జవాబు రాస్తారు. జీతం లేదు, బత్తెం లేదు. దొరికేది గౌరవం ఒక్కటే. ఆ వయసులో నాకు దానికే కరువు.

ఆ వేదికను నడిపే పెద్దమనిషి సుబ్బరాయుడు సారు, కడపలో లెక్చరర్. ఒకరోజు ఫోన్ చేసి నాకో బాధ్యత అప్పగించారు. ఎవరూ జవాబివ్వని ప్రశ్నలన్నీ ఒక జాబితాలో చేరుతున్నాయట, అరవై మూడయ్యాయట. ఒక్కొక్కటీ ఓపిగ్గా చదవాలి, అర్థం కాకపోతే అడిగినవాళ్లను వివరాలు అడగాలి, ఆ సంగతి ఎవరికి తెలుసో చూసి వాళ్లను పిలుచుకు రావాలి. నాకు తెలియనిదాని జోలికి మాత్రం పోకూడదు. పాపం, అంత వివరంగా చెప్పారు. నా చెవిలో పడింది అరవై మూడు అన్న అంకె ఒక్కటే.

ఆ ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. మొదటి ప్రశ్న తెలియలేదు. రెండోదీ తెలియలేదు. పదో ప్రశ్న దగ్గర ఒక సత్యం బోధపడింది. ఎవరికీ తెలియలేదు కాబట్టే అవి ఆ జాబితాలో ఉన్నాయి. బుద్ధున్నవాడైతే అక్కడ లేచి అన్నానికి పోయేవాడు. నేను మూడు మందుల వైద్యం మొదలుపెట్టాను. ఒకటి, ఆపి మళ్లీ వేయండి. రెండు, ప్రోగ్రామును తీసేసి మళ్లీ ఎక్కించండి. మూడు, ఫార్మాట్ కొట్టండి, అంటే ఉన్నదంతా చెరిపేసి కొత్తగా మొదలుపెట్టండి. ప్రశ్న పొడుగ్గా ఉంటే చివరిదాకా చదివే బాధ లేకుండా మూడో మందు. ప్రింటర్లో కాగితం ఇరుక్కుందన్నాయనకు కూడా ఫార్మాటే రాశాను. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నవాడు నాకన్నా నయం, వాడు కనీసం ఎద్దును చంపమనలేదు. పైగా నన్ను వెతుక్కుంటూ వచ్చే అభిమానులకు ఇబ్బంది కలగకూడదని ప్రతి జవాబు కిందా నా పేరు, సెంటర్ అడ్రసు.

సాయంత్రానికి జాబితాలో సున్నా. సారు ఫోన్ చేశారు.

"ఏమప్పా మద్దిలేటీ, అన్నీ ఒక్క దినంలోనే అయిపోయినాయా?"

"అయిపోయినాయి సార్."

"అన్నీ నీకు తెలుసునా?"

"అట్లా తెలిసిపోతాంటాయి సార్," అన్నాను, వినయంగా.

పది రోజులకు అభిమాని రానే వచ్చింది. అరవై దాటిన ఆవిడ, దుప్పట్లో చుట్టిన కంప్యూటర్ డబ్బాను పసిబిడ్డలా ఎత్తుకుని ఆటో దిగింది. పేరు దీనమ్మ. పక్క పల్లెలో మిషన్ బడి టీచరమ్మగా చేసి రిటైరయ్యారట. నేను లేచి నిలబడేలోపే టేబుల్ మీద టిఫిన్ డబ్బా తెరిచి పెట్టారు. జొన్నరొట్టెలు, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి.

"నువ్వేనా నాయనా మద్దిలేటి? పదకొండు దినాలు ఎవురూ పలకల్యా. నువ్వొక్కడివే పలికినావు. తిను."

నేను తింటూ విన్నాను. వాళ్ల చర్చికి నూరేళ్లు నిండుతున్నాయి. ఆ చర్చిలో పాడుకునే పాటల్లో చాలావాటికి పుస్తకమే లేదు, ముసలమ్మల నోళ్లలో ఉన్నాయి. ఈవిడ ఇల్లిల్లూ తిరిగి వాళ్ల చేత పాడించుకుని, రెండు వేళ్లతో ఎనిమిది నెలలు టైపు చేశారు. కొత్త కంప్యూటర్ కొని, పాటలు అందులో డి డ్రైవ్ అనే అరలోకి మార్చుకుని, పాతది ఇచ్చేశారు. తీరా చూస్తే తెలుగు అక్షరాల బదులు చీమలు పాకినట్టు ఏవో గుర్తులు. ఇంటి ఫోనుకు ఇంటర్నెట్ తగిలించుకుని వేదికలో అడిగారు. ప్రశ్న బాగా పొడుగ్గా రాసినట్టున్నారు. వైరస్, డి డ్రైవ్ ఫార్మాట్ కొట్టండి అని నా జవాబు.

"నువ్వు చెప్పినట్టే చేసినా నాయనా. ఇప్పుడు శానా శుభ్రంగా ఉండాది. పాటలే, యాడికి పోయినాయో కనపడల్యా."

రొట్టె పక్కన పెట్టేశాను. డబ్బాకు తీగలు తగిలించి చూశాను. డి డ్రైవ్ ఊడ్చిన కళ్లంలా ఉంది.

బయటికి వచ్చి సారుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన ఆవిడ ప్రశ్నను తెరిచి చివరిదాకా చదివారు. తర్వాత నిదానంగా చెప్పారు. వైరసూ లేదు, పాడూ లేదు. పాటలు టైపు చేసిన తెలుగు ఫాంటు, అంటే అక్షరాల అచ్చు, కొత్త కంప్యూటర్లో లేదు, అంతే. ఎక్కించుకుంటే రెండు నిమిషాల పని.

"మరి మీరైనా రాయకపోతిరి సార్."

"జవాబున్న ప్రశ్నను ఎవరు తెరుస్తారప్పా? ఖాళీగా ఉండింటే ఎవడో ఒకడు చూసుండేవాడు. నువ్వు మూతేస్తివి."

లోపలికి వెళ్లి దీనమ్మగారికి నిజం చెప్పేశాను. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. టిఫిన్ డబ్బా మూత పెట్టి, నెమ్మదిగా అడిగారు.

"తెలీదని రాసింటే ఏమయ్యేది నాయనా?"

నేను జవాబు చెప్పకుండా వదిలేసిన మొదటి ప్రశ్న అదే.

ఆమె ఎదురుగానే జరిగిందంతా వేదికలో రాశాను. గంట తిరగకముందే ముగ్గురు పలికారు. అందులో ఒకాయన నందికొట్కూరులో విత్తనాల అంగడి నడిపే శెట్టిగారు. చెరిగిపోయినవి వెలికితీసే ప్రోగ్రాము ఆయన దగ్గర ఉందట. ఆ డ్రైవులో ఒక్క అక్షరం కూడా కొత్తగా రాయకుండా డబ్బా తీసుకుని రమ్మన్నారు. మర్నాడు దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. గతుకు వచ్చినప్పుడల్లా నా గుండె ముందు ఎగిరింది, బస్సు తర్వాత.

శెట్టిగారు ఒకపక్క వాము విత్తనాలు తూస్తూనే ఇంకోపక్క పాటలు తవ్వారు. సాయంత్రానికి తొమ్మిది తప్ప అన్నీ దొరికాయి. ఫాంటు కూడా ఎక్కించారు. చీమలన్నీ తెలుగక్షరాలయ్యాయి. అంగట్లో అంతమంది ఉండగా నాకు ఏడుపొచ్చింది, దుమ్ము పడిందన్నాను. మిగిలిన తొమ్మిది పాటల కోసం రెండు ఆదివారాలు దీనమ్మగారి వెంట పల్లెలో తిరిగాను. ముసలమ్మలు పాడారు, నేను టైపు చేశాను. వేగంగా కొట్టబోతే ఆవిడ గమ్మున నా చేతి మీద చెయ్యి వేసేవారు. పండుగకు పుస్తకం అందింది. నన్ను పిలిచి పప్పన్నం పెట్టారు.

ఈలోగా నా మిగతా పాపాలు కడుక్కోవాలి కదా. అరవై మూడు ప్రశ్నలూ ఒక్కొక్కటిగా తెరిచి, నేను పైన రాసింది నమ్మకండి, దీనికి జవాబు నాకు తెలియదు, తెలిసినవారు చెప్పండి అని రాశాను. సారు వాటన్నిటినీ మళ్లీ జాబితాలోకి ఎక్కించారు. ప్రింటరాయన మాత్రం ఫార్మాట్ కొట్టినా కాగితం అక్కడే ఉందని, ఇంకేమైనా ఫార్మాట్ చేయాలా అని వినయంగా అడిగాడు.

ఆఖరి తెలియదు రాసి ఊపిరి పీల్చుకుంటుండగా వేదిక నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరాలు మనుషులు రాసేవి కావు, యంత్రం రోజుకోసారి దానంతటదే లెక్కచూసి పంపేవి. మీరు నూరు జవాబులు దాటారు, నేటి నుంచి మీరు నిపుణులు, అభినందనలు అని ఉంది. నా పేరు పక్కన పసుపు నక్షత్రం కూడా వెలిసింది. వెయ్యిమందిని చంపినవాణ్ణి అరవైద్యుడంటారు. నన్ను, అరవై మూడుసార్లు తెలియదన్నందుకు పూర్తి వైద్యుణ్ణి చేసేశారు.

కాబట్టి ఒంటిమిట్ట రాముడి సాక్షిగా, దీనమ్మగారి చర్చి గంట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నాకు తెలియని ప్రశ్నకు జవాబు రాయను, రాయను, రాయను. తెలిసిన ప్రశ్నలకు తప్పకుండా రాస్తాను. ఇన్నేళ్లుగా అలాంటిదొకటి వస్తుందేమోనని చూస్తున్నాను.