అల్ఫారెట్టాలో ఒక ఫోల్డర్, క్యారీలో లేని గది

ఈ ప్రయాణం మొదలైంది ఎనభై రెండేళ్ళ ఒక పెద్దావిడ పోస్టాఫీసుని నమ్మకపోవడం వల్ల. నోరా వాళ్ళ అమ్మమ్మ పుట్టింది ఐర్లాండ్‌లో, మేయో అనే జిల్లాలో. అమ్మమ్మో తాతయ్యో అక్కడ పుట్టి ఉంటే మనవలకి ఆ దేశం పౌరసత్వం ఇస్తుంది. కాకపోతే ఆ చుట్టరికాన్ని కాగితాల మీద రుజువు చెయ్యాలి, అదీ ఒరిజినల్స్‌తో. ఆ ఒరిజినల్స్ అన్నీ అల్ఫారెట్టాలో ఉండే నోరా పెద్దమ్మ పెగ్గీ దగ్గర ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి. పోస్టులో పంపను, వచ్చి పట్టుకెళ్ళండి అందావిడ. అందుకని మొన్న శనివారం నార్త్ కరోలినాలో మేముండే క్యారీ నుంచి జార్జియాకి డ్రైవ్ చేశాం. మీరూ ఇలాంటి కాగితాల కోసం తిరగబోతుంటే దారి, టైము, ఖర్చు అన్నీ ఇందులో ఉంటాయి. మధ్యమధ్యలో నా కుళ్ళు కూడా ఉంటుంది, సర్దుకోండి.

ముందు నోరా ఎవరో చెప్పాలి. ఎనిమిదేళ్ళుగా మేమిద్దరు ఆడవాళ్ళం ఒక సంసారం చేస్తున్నాం. క్యారీలో మా వీధి వీధంతటికీ తెలుసు. భీమవరంలో మా వాళ్ళెవరికీ తెలియదు, కమ్మింగ్‌లో ఉండే మా రూతు పిన్నికి అసలే తెలియదు. వాళ్ళందరికీ నోరా నా రూమ్మేట్. ఈ అబద్ధాన్ని కాపాడుకోవడానికి నేను చేసిన ఘనకార్యం వినండి. నోరా అమెరికన్. తనని పెళ్ళి చేసుకుని ఉంటే నా గ్రీన్ కార్డ్ ఎప్పుడో వచ్చి ఉండేది. నేను మాత్రం ఆఫీసు వేసిన అప్లికేషన్ పట్టుకుని పదకొండేళ్ళుగా లైన్‌లో నిలబడ్డాను, ఎందుకంటే పెళ్ళి అంటే పిన్నికి చెప్పాలి. ఇప్పుడు నోరా పనిచేసే ఫార్మా కంపెనీకి ఐర్లాండ్‌లో ఫ్యాక్టరీ ఉంది, అక్కడికి మారతావా అని అడిగారు. చిన్నప్పటి నుంచీ తను కలలు కన్న చోటు, ఎందుకు మారదు? నేను వెంట వెళ్ళాలంటే అన్నిటికన్నా సులువైన దారి పెళ్ళి కాగితమే.

ఉదయం ఐదుకి బయల్దేరాం. ఐ-40 మీదుగా వెళ్ళి ఐ-85 ఎక్కితే ఇక దారి వెతుక్కోనక్కర్లేదు, నాలుగు వందల మైళ్ళు దాదాపు అదే రోడ్డు. షార్లెట్‌ని ఎనిమిదిలోపు దాటేయండి, శనివారమైనా తొమ్మిది తర్వాత జామ్ అవుతుంది. గాఫ్నీ దగ్గర పీచ్ పండు ఆకారంలో కట్టిన నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది, అక్కడే గ్యాస్ కొట్టించి టిఫిన్ చేశాం. మధ్యలో గుడ్డు పెట్టిన బన్నులాంటి బిస్కెట్లు రెండు, కాఫీలు రెండు, పదిహేను డాలర్లు. కౌంటర్‌లో ఉన్నావిడ "బిల్లు ఒకటా, రెండా హనీ?" అని అడిగింది. నేను రెండన్నాను, నోరా ఒకటంది. ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి ఒకటే కొట్టింది. దారంతా నోరా మేయోలో ఊళ్ళ పేర్లు ఫోన్‌లో విని పలకడం ప్రాక్టీస్ చేస్తూనే ఉంది. ఆ సంబరం చూస్తే నాకు ఒళ్ళు మండింది. నేను భీమవరం పక్కన పది ఊళ్ళ పేర్లు నిద్రలో కూడా చెప్తాను, ఏం లాభం?

బ్యూఫర్డ్ దగ్గర ఐ-85 వదిలి 20వ నంబర్ రోడ్డు పట్టుకుంటే కమ్మింగ్ మీదుగానే అల్ఫారెట్టా చేరాలి. పిన్ని ఇంటికి సాయంత్రం నాలుగుకి వస్తామని చెప్పి ఉన్నాను, అయినా వాళ్ళ సందు దాటుతున్నప్పుడు సీట్లో కిందికి జారి కూర్చున్నాను. నలభై ఏళ్ళ మనిషిని. పన్నెండున్నరకి పెగ్గీ తలుపు తీసి ముందు నన్ను కౌగిలించుకుంది, తర్వాతే నోరాని. చికెన్ శాండ్‌విచ్, కెటిల్ నిండా టీ పెట్టి, ఫోల్డర్ తెచ్చి టేబుల్ మీద విప్పింది. అమ్మమ్మ పుట్టిన కాగితం, పెళ్ళి కాగితం, చనిపోయిన కాగితం, అన్నీ వరసగా. అడుగున మేయోలో ఉన్న దూరపు చుట్టం రాసిన కొత్త ఉత్తరం ఒకటి ఉంది. నోరా బిగ్గరగా చదివింది. ఇల్లు దొరికేదాకా మీ ఇద్దరికీ మేడ మీద గది ఖాళీ చేసి ఉంచుతాం, నీ భార్యకి చలి పడుతుందో లేదో ముందే చెప్పు, హీటర్ పెట్టిస్తాం అని రాశాడా మనిషి.

అక్కడ నాకు నిజంగా కడుపు మండింది. నోరా ఆ దేశంలో ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. జనం ఓట్లేసి మరీ ఇలాంటి పెళ్ళిళ్ళని ఒప్పుకున్న దేశం అది, తలుపు తీసి ఇద్దరినీ రమ్మంటోంది. నాకు భీమవరంలో పుట్టిన సర్టిఫికెట్ ఉంది, పాస్‌పోర్ట్ ఉంది, చర్చి సమాధుల తోటలో నాలుగు తరాల వాళ్ళున్నారు. నేను రేపు ఫ్లైట్ ఎక్కితే ఎల్లుండి మా ఇంట్లో ఉంటాను. కానీ ఒక్కదాన్నే. నా భార్యని నా భార్య అని రాయడానికి అక్కడ ఏ ఆఫీసులోనూ గడి లేదు. ఇంతలో పెగ్గీ నాకు టీ పోస్తూ "పెళ్ళికి నీ వైపు నుంచి ఎవరొస్తున్నారమ్మా?" అని మామూలుగా అడిగింది. నేను కప్పు పట్టుకుని చక్కెర ఎక్కడుందని అడిగాను.

మూడున్నరకి మళ్ళీ కారెక్కాం. జీఏ-400 మీద కమ్మింగ్‌కి ఇరవై నిమిషాలే. "కుళ్ళా?" అని నోరా తెలుగులోనే అడిగింది, ఆ మాట నేను నేర్పిందే. అవును, కుళ్ళే అన్నాను.

"శాంతీ, ఒక్కదాన్నే వెళ్తున్నానా, ఇద్దరమా అని సోమవారం హెచ్‌ఆర్‌కి చెప్పాలి. నిన్ను బెదిరించడం లేదు. కానీ ఇంకో దేశంలో కూడా నీ రూమ్మేట్‌గా ఉండలేను" అంది. నేను ఏసీ పెంచాను.

రూతు పిన్ని హాస్పిటల్‌లో నర్సు, ఒక్కతే ఉంటుంది, ఆదివారాలు వాళ్ళ తెలుగు చర్చిలో పాటలు నడిపిస్తుంది. నన్ను చదివించింది ఆవిడే. ఇంట్లో అడుగు పెట్టేసరికి చందువా చేపల పులుసు వాసన. పిన్నికి నోరా అంటే ప్రాణం, ముళ్ళు తీసుకుని చక్కగా చేత్తో తింటుందని. తలకాయ ముక్క తీసి నోరా కంచంలో వేసింది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ముక్క నాది. దానికీ కుళ్ళుకున్నాను, దాచడమెందుకు. ఐర్లాండ్ సంగతి వినగానే పిన్ని నోరాకి దండిగా కంగ్రాట్స్ చెప్పి నావైపు తిరిగింది.

"ఏవే, మరి నీ ఇంటి సంగతేంటి? అద్దె అంతా ఒక్కదానివే ఎక్కడ కడతావు? మా చర్చిలో గ్రేస్ అని ఒక అమ్మాయి, క్యారీ దగ్గరే జాబ్ వచ్చింది. మంచి ప్రార్థనాపరురాలు. ఈ నోరమ్మ మంచం ఎలాగూ ఉంటుందిగా, ఆ పిల్లకి కొత్తది కొనక్కర్లేదు" అని, నేను వద్దనేలోపే ఫోన్ తీసి చర్చి వాట్సాప్ గ్రూప్‌లో వాయిస్ మెసేజ్ మొదలుపెట్టేసింది. "ప్రైజ్ ద లార్డ్ అండి అందరికీ. క్యారీలో మా అమ్మాయి దగ్గర ఒక రూమ్ ఖాళీ అవుతోంది..."

నోరాకి అంత తెలుగు రాదు, కానీ మంచం అన్న మాట తెలుసు. తినడం ఆపేసింది. తల ఎత్తలేదు, నావైపు చూడలేదు, కంచం అంచు మీద ముళ్ళు వరసగా పేర్చుకుంటోంది. నేను మొహం కూడా చూడని ఆ గ్రేస్ మీద నాకు ఎంత మంట పుట్టిందంటే, నోట్లోంచి మాట దానంతట అదే వచ్చేసింది.

"పిన్నీ, ఆ రూమ్ లేదు."

"లేకపోవడమేంటి?"

"మా ఇంట్లో మంచం ఒకటే. ఎనిమిదేళ్ళుగా ఒకటే."

పిన్ని బొటనవేలు ఇంకా మైక్ బటన్ మీదే ఉంది. దాన్ని పక్కకి జరిపి మెసేజ్ చెరిపేసింది. లేచి వెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కుంది.

"అమ్మకి తెలుసా?"

"తెలియదు. ముందు నీకే చెప్తున్నా."

"ముందు నాకెందుకు చెప్పావే" అంది. గొంతులో కోపం లేదు, నైట్ డ్యూటీ చేసొచ్చిన మనిషిలా అలిసిపోయి ఉంది.

రేపు చర్చికి ఉండమని ప్రతిసారీ పట్టుబట్టే మనిషి ఈసారి అడగలేదు. ఆరుకి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర అలవాటు ప్రకారం ప్రార్థన చేసింది. రోడ్డు కోసం, కారు బ్రేకుల కోసం, నా బిడ్డ శాంతి కోసం. ఎప్పుడూ ఒక చెయ్యి నా తల మీద, ఒక చెయ్యి నోరా తల మీద పెట్టేది. నోరా తల వంచుకునే ఉంది. పిన్ని రెండో చెయ్యి ఎత్తింది, ఎత్తి చున్నీ సర్దుకుంది. ఆమెన్ అంది. పులుసు డబ్బా మాత్రం ఇద్దరికీ సరిపడా కట్టి ఇచ్చింది. ఆ రాత్రికి దారిలో కామర్స్ అనే ఊళ్ళో ఆగాం, మోటెల్ తొంభై డాలర్లు, శుభ్రంగానే ఉంది.

నా కుళ్ళు తగ్గిందా అంటే తగ్గలేదు. నోరా వాళ్ళ ఫోల్డర్ వెనక సీట్లో ఉంటే ఇంటిదాకా దాని వైపు చూడబుద్ధి కాలేదు. పూర్వీకుల దేశానికి వెళ్ళడం అని అందరూ ఎంతో గొప్పగా చెప్పుకుంటారు. తన పూర్వీకుల దేశంలోకి తను ఇద్దరిగా వెళ్తోంది, నేను నా దేశాన్ని ఇంకా దూరం చేసుకుని ఆ రెండో మనిషిగా వెళ్తున్నాను. అయినా సోమవారం హెచ్‌ఆర్‌కి ఇద్దరం అనే చెప్పింది, ఆ మాట ఫోన్‌లో చెప్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఇక మీకు పనికొచ్చే సంగతి ఒకటి. నార్త్ కరోలినాలో పెళ్ళి లైసెన్స్‌కి ఇద్దరూ ఐడీలతో కౌంటీ ఆఫీసుకి వెళ్ళాలి, అరవై డాలర్లు. పెళ్ళి రోజు ఇద్దరు సాక్షులు తప్పనిసరి, ముందే అడిగి పెట్టుకోండి. మాకు ఒకరు పెగ్గీ. రెండో సాక్షిగా రమ్మని పిన్నికి మెసేజ్ పెట్టాను. నీలం టిక్కులు పడి నాలుగు రోజులైంది.